జాబితాలో మిగిలిపోయిన పేరు: ఉగ్రవాద నిర్వచనం, మండేలా ఉదంతం

2008 జులై 1న అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ ఒక చిన్న చట్టంపై సంతకం చేశారు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌ను ఉగ్రవాద సంస్థగా పరిగణించే పద్ధతికి అది సడలింపు కల్పించింది. నెల్సన్ మండేలా అప్పటికి నోబెల్ శాంతి బహుమతి పొంది పదిహేనేళ్ళు, దేశాధ్యక్ష పదవి వదిలి తొమ్మిదేళ్ళు. అయినా అంతవరకు ఆయన అమెరికాలో అడుగుపెట్టాలంటే ప్రత్యేక మినహాయింపు అవసరమయ్యేది. విదేశాంగ మంత్రి కండోలీజా రైస్ సెనెట్‌లో దీన్ని ఇబ్బందికరమైన విషయంగా పేర్కొన్నారు. సాధారణంగా దీన్ని కార్యాలయాల అలసత్వంగా వివరిస్తారు. లోపం జాబితా నిర్వహణలో కంటే నిర్వచనంలోనే ఎక్కువగా ఉన్నదని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

తెలుగులో ఉగ్రవాది, తీవ్రవాది, టెర్రరిస్టు అనే మాటలను పత్రికలు దాదాపు పర్యాయపదాలుగా వాడుతున్నాయి. వందేళ్ళ కిందటి కాంగ్రెసులోని అతివాదులను మాత్రం ఆ కోవలో చేర్చము. వాడుక మాటకు ఇంత సౌలభ్యం ఉంది. చట్టంలోని మాటకు ఉండరాదు. మండేలా విషయంలో ఆ మాటే ఆలస్యంగా వచ్చిందన్నది గమనించవలసిన సంగతి. 1964 జూన్ 12న ఆయనకు యావజ్జీవ శిక్ష పడింది విధ్వంస నేరానికి. దక్షిణాఫ్రికాలో ఉగ్రవాద చట్టం వచ్చింది 1967లో. దానిని 1962 జూన్ 27 నుంచే వర్తింపజేశారు. రాజ్యపాలనకు ఇబ్బంది కలిగించడం, తెల్లవారికీ ఇతరులకూ మధ్య వైరభావం పుట్టించడం వంటి ఫలితాలు వచ్చే పని చేస్తే, నేరోద్దేశం ఉన్నట్లే భావించేవారు. లేదని రుజువు చేసుకోవలసిన భారం నిందితునిది. ఆరవ సెక్షను కింద విచారణ లేకుండా, గడువు లేకుండా నిర్బంధించవచ్చు. 1977 సెప్టెంబరు 12న స్టీవ్ బికో మరణించింది ఆ సెక్షను కింద నిర్బంధంలో ఉండగానే.

ఈ చట్టాన్ని ఓటు హక్కులేని ప్రజలపై పాలకులు మోపారు కనుక ఆశ్చర్యపడనక్కరలేదు. ఆశ్చర్యం అమెరికా వలస చట్టం దగ్గర మొదలవుతుంది. దాని ప్రకారం ఒక చర్య ఉగ్రవాద చర్య కావాలంటే అది జరిగిన చోటి చట్టం ప్రకారం నేరమై ఉండాలి, లేదా అమెరికాలో జరిగి ఉంటే నేరమై ఉండాలి. పేలుడు పదార్థంతో ఆస్తికి భారీ నష్టం కలిగించే ఉద్దేశం ఉన్నా చాలు. ఆ చోటి చట్టం ఎవరు చేశారు, ఎవరిని కాదని చేశారు అన్న ప్రశ్నలకు ఇందులో తావు లేదు. 1961 డిసెంబరు 16న మొదలైన ఉంఖోంటో వి సిజ్వే విధ్వంసచర్యలు మనుషుల ప్రాణాలను తప్పించి విద్యుత్ స్తంభాలు, ప్రభుత్వ కార్యాలయాలను లక్ష్యంగా ఎంచుకున్నాయి. ఆ విచక్షణను ఈ నిర్వచనం గుర్తించదు.

అయితే ఆ సంస్థ చరిత్ర అంతటితో ఆగలేదు. 1983 మే 20న ప్రిటోరియా చర్చి స్ట్రీట్‌లో కారు బాంబు పేలి 19 మంది మరణించారు. గాయపడినవారు రెండు వందలకు పైబడ్డారు. సత్యశోధన, సమన్వయ సంఘం ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ చేసిన హక్కుల ఉల్లంఘనలను కూడా నమోదు చేసింది. దీన్ని దాటవేసి మండేలాను మాత్రమే చూపడం చరిత్రకారునికి తగదు. నిజానికి నిర్వచనం చేయవలసిన పని ఇక్కడే ఉంది: స్తంభాన్ని కూల్చినవానికీ, వీధిలో బాంబు పెట్టినవానికీ, సభ్యత్వం మాత్రమే ఉన్నవానికీ మధ్య భేదం చెప్పాలి. సంస్థ పేరుతో నడిచే జాబితా ఆ ముగ్గురినీ ఒకే వరుసలో నిలుపుతుంది. 1988లో అమెరికా రక్షణ శాఖ వెలువరించిన ఉగ్రవాద బృందాల పరిచయ గ్రంథంలో చేరింది ఆ సంస్థ పేరే. వాషింగ్టన్‌లో రాయబారిగా పనిచేసిన బార్బరా మసెకెలాకు, ఆ పదవి వదిలాక, జబ్బుపడిన బంధువును చూడడానికి వీసా కావలసి వచ్చింది. మినహాయింపు అందేసరికి ఆ బంధువు మరణించారు.

భారతదేశంలో 2019 నాటి ఉపా సవరణ వ్యక్తులను కూడా నాలుగో షెడ్యూలులో చేర్చే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. అందుకు ముందుగా న్యాయస్థానం దోషిగా తేల్చనవసరం లేదు. పేరు తొలగించమని మొదట అర్జీ పెట్టుకోవలసింది చేర్చిన ప్రభుత్వానికే. ఆ తరువాతే సమీక్షా సంఘం. పరిస్థితులు వేరు, కానీ లోపలికి వెళ్ళే దారి వెడల్పు, బయటికి వచ్చే దారి ఇరుకు అన్న పోలిక మాత్రం కనిపిస్తుంది.

2008 చట్టం ఆ దారిని కొంత వెడల్పు చేసిందని అనుకున్నారు. రాబెన్ ద్వీపపు చెరసాలలో 13 ఏళ్ళు గడిపి, తరువాత మంత్రిగా పనిచేసిన టోక్యో సెక్స్‌వాలేను 2013లో న్యూయార్క్ విమానాశ్రయంలో అధికారులు నిర్బంధించారు. ఆయన పేరు నిఘా జాబితాలో అప్పటికీ ఉంది.