మామ్మగారి ప్రశ్నలు

జబ్బు రాకముందే జాగ్రత్తపడుమని పెద్దలకు చెప్పుట సులభమైన పని కాదు. "నాకేమి బాబూ, నిక్షేపముగా ఉన్నాను" అని మామ్మగారు ఒక్క మాటతో వైద్యశాస్త్రమునంతను వీధి అరుగు మీదనే నిలిపివేయగలరు. ఆమె వాదము నిరాధారమును కాదు. పూర్వతరము వారు భయపడిన మశూచి, కలరా, చలిజ్వరము కంటికి కనబడుచు వచ్చినవి. రక్తపుపోటు అట్టిది కాదు. నొప్పి లేకుండ ఏండ్ల తరబడి ఒంటిలో కాపురముండును.

గోదావరి మండలములో దీని తీవ్రత 2003-2004 ప్రాంతమున లెక్కలతో తేటపడినది. బైర్రాజు ఫౌండేషన్ తోడ్పాటుతో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, సుమారు 1,80,000 జనాభాలో, ఒక్క సంవత్సరమున సంభవించిన 1,354 మరణములను గూర్చి విచారణ జరిగినది. పల్లెలలో మరణకారణము తెలుపు పత్రములు ఎక్కడివి? ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి వెళ్ళి, పోయినవారి చివరి దినముల సంగతులు బంధువుల నోట విని వ్రాసికొనిరి. వైద్యులు వాటిని చదివి కారణము నిర్ణయించిరి. నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధులవలననే. అంటువ్యాధుల పాలు 12 మాత్రమే. గుండెపోటు పట్టణవాసపు జబ్బు అనుకొనువారికి ఇది చాలును.

తరువాత 44 గ్రామములలో రెండు ఉపాయములను పరీక్షించిరి. ఏ ఊరికి ఏది అన్నది చీట్లు వేసినట్లు నిర్ణయించిరి. గోడపత్రికలు, వీధినాటకములు, ఊరేగింపులు, ప్రసంగములు ఒక విధము. శిక్షణ పొందిన కార్యకర్త ఒక్కొక్కరినే విచారించి, పోటు చూచి, ప్రమాదము గలవారిని వైద్యుని వద్దకు పంపుట రెండవ విధము. 2012లో వెలువడిన ఫలితములను బట్టి, మొదటి దానివలన ప్రజల తెలివిడిలో చెప్పుకొనదగిన మార్పు కనబడలేదు. రెండవది అమలైన ఊళ్ళలో ప్రమాదమున్న వారిలో నూటికి 63 మందిని గుర్తింపగా, తక్కిన ఊళ్ళలో 51 మందినే గుర్తించిరి.

మైకు ముందు కూర్చుండి బ్రతుకు గడుపు మాకు ఇది రుచించు వార్త కాదు. అయినను కారణము ఊహింపవచ్చును. మామ్మగారు రేడియోను ఎదురు ప్రశ్న వేయలేరు. "ఉప్పు తగ్గించిన ఆవకాయ బూజు పట్టదా?" అని ఆమె అడుగును. పట్టును. జాడీలోని ఉప్పు జాడీలోనే ఉండనిచ్చి, విస్తరిలో వేసికొను ఆవకాయను తగ్గింపవలెనని చెప్పుటకు ఎదుట ఒక మనిషి ఉండవలెను. "ఈ మాత్ర ఎన్నాళ్ళు మ్రింగవలెను?" అన్నదానికి, పోటు తగ్గినను మానరాదని, చాలమందికి అది జీవితాంతపు మందు అని, ఓపికగా చెప్పువారు కావలెను.

ఎదుటి మనిషి ఉన్నను పని పూర్తి కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని 54 గ్రామములలో ఆశా కార్యకర్తలు టాబ్లెట్ కంప్యూటరు చేతబట్టి 40 ఏండ్లు పైబడినవారిని పరీక్షించిరి. 2019లో ప్రకటితమైన ఆ ఫలితములలో, ప్రమాదము గలవారి రక్తపుపోటు అదుపులోనికి వచ్చుట మామూలు వైద్యముకంటె స్పష్టముగా మెరుగుపడలేదు. మాట గడప దాటి లోనికి వచ్చినది. మాత్ర నెలనెలా ఎక్కడ దొరకును, ఎవరు తెచ్చియిత్తురు? మామ్మగారి తరువాతి ప్రశ్న అదే.