శనగల తాత

నెగడు దగ్గరికి జరుగు బాబూ, చలి కొరుకుతోంది. ఆ ఫోను కాసేపు జేబులో పెట్టు. 1960 ప్రాంతం మాట చెబుతాను.

మా ఊళ్ళో రామాలయం వెనకాల తాటాకు పాక ఉండేది. అదే మా తాలింఖానా. నడిమధ్య కుస్తీ గోదా. ఎర్రమన్ను జల్లెడ పట్టి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి, పారతో తిరగేసి తిరగేసి మెత్తగా చేసేవాళ్ళం. పడ్డవాడికి దెబ్బ తగలకూడదు కదా! ఇప్పటికీ తొలకరి చినుకు పడితే ఆ వాసనే గుర్తొస్తుంది నాకు.

దండీలు, బస్కీలు, కర్రసాము నేర్పడానికి గురువుగారు ఉండేవారు. కానీ మమ్మల్ని రోజూ అక్కడికి రప్పించింది మాత్రం గట్టుమీద కూర్చునే ఒక ముసలాయన. శనగల తాత అనేవాళ్ళం. వచ్చినవాడికల్లా గుప్పెడు నానిన శనగలు, చిన్న బెల్లంముక్క. రానివాడి ఇంటికి తనే వెళ్ళి, అరుగుమీద కూర్చుని, "ఏం నాయనా, ఒంట్లో నలతా?" అనేవాడు. అంతే, పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఆ సిగ్గుకే మర్నాడు తెల్లారకుండా పరిగెత్తేవాళ్ళం. నెలకి పావలా చందా. పావలా అంటే నవ్వకు, దాంతో అప్పట్లో హోటల్లో కడుపునిండా ఇడ్లీ తినేవాళ్ళం. ఇవ్వలేనివాడు గోదా తవ్వితే సరిపోయేది.

మా బావ ఒకడుండేవాడు. సంక్రాంతికి సంగిడి రాయి ఎత్తి మరదలి కంట్లో పడాలని, మొదటిరోజే రెండొందల బస్కీలు తీశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! మూడు రోజులు గోడ పట్టుకుని నడిచాడు. తాత వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, పదితో మొదలుపెట్టించి, వారానికి అయిదు చొప్పున పెంచించాడు. మరుసటేడు సంక్రాంతికి రాయి భుజానికెక్కింది. మరదలు ఏమందంటావా? అది ఇంకో రాత్రికి.

కోడి రామ్మూర్తి నాయుడు పేరు విన్నావా? మన వీరఘట్టంలో పుట్టినవాడే. గుండెమీద ఏనుగును నిలబెట్టుకున్నాడు, కార్లను కదలకుండా ఆపాడు. కలియుగ భీముడన్నారు. అంతటివాడూ ముందు విజయనగరంలో పిల్లలకి డ్రిల్లు మాస్టారే. ఆయన కథ ఎత్తుకుంటే తెల్లారుతుంది, మన పాకలోకి వద్దాం.

ఒక్క తప్పు చేశాం బాబూ. ఆడపిల్లల్ని ఆ గడప తొక్కనివ్వలేదు. నా చెల్లెలు చెడుగుడులో నన్ను పడగొట్టేది, అయినా దానికి చోటు లేదన్నాం. తర్వాత ఈ శ్రీకాకుళం జిల్లాలోని ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. ఆ వార్త వినగానే నాకు చెల్లెలే గుర్తొచ్చింది. మా ఊళ్ళో అలాంటివాళ్ళని ఎందరిని పొయ్యిదగ్గర కూర్చోబెట్టామో!

అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకి రోజూ సగటున 60 నిమిషాలైనా ఆటో, పరుగో, ఒళ్ళు వంచే పనో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా దగ్గర గడియారం లేదు. వేగుచుక్క పొడిచినప్పటినుంచి పాలు పితికే వేళదాకా, అదే లెక్క. మొక్కై వంగనిది మానై వంగునా? పిల్లలు బద్ధకస్తులైపోయారని నేననను. వాళ్ళకి మనం జాగా మిగల్చలేదు. జాగా ఉన్నచోట గట్టుమీద కూర్చుని, "నిన్న రాలేదేం?" అని అడిగే పెద్దవాడు లేడు.

బడి వెనక ఖాళీస్థలంలో తుప్పలు కొట్టించాను. శనగలు నానబోశాను. పొద్దున్న అయిదింటికి గట్టుమీద ఉంటాను. నీ చెల్లెల్ని కూడా లేపి తీసుకురా.