వాయిస్ టైపింగ్ ఎవరి తెలుగును రాస్తోంది? పద విభజన, మాండలికం, కొలమానాలపై ఒక పరిశీలన

నోటితో చెబితే తెర మీద తెలుగు రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఇవాళ మామూలు స్మార్ట్‌ఫోన్‌లోనే దొరుకుతోంది. 2017 ఆగస్టులో గూగుల్ తన వాయిస్ టైపింగును తెలుగుతో సహా మరో ఎనిమిది భారతీయ భాషలకు విస్తరించింది. అప్పటి నుంచి ఈ సాధనాన్ని మనం బేరీజు వేస్తున్నది ఒకే ప్రశ్నతో: యంత్రం ఎంత సరిగా వింటోంది? తెలుగు విషయంలో ఇది సగం ప్రశ్నే అని నా వాదన. విన్నదాన్ని ఎలా రాయాలో మనలో మనకే ఒక మాట లేదు. మనం తేల్చుకోని ఆ సంగతులన్నీ యంత్రం తనకు తానుగా తేల్చేస్తోంది.

డిక్టేషన్ అవసరం తెలుగుకు ఇంగ్లీషుకన్నా ఎక్కువ. “లక్ష్మి” అన్న పేరులో ఉన్నవి రెండే అక్షరాలు. యూనికోడ్‌లో అవి ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వత్తులు, గుణింతాలు కీబోర్డు మీద వెతుక్కోలేక తెలుగును ఇంగ్లీషు లిపిలో రాసేస్తున్నవారు మన ఇళ్లలోనే ఉన్నారు. చూపు లేనివారికి, వేళ్ల నొప్పులతో టైపు చేయలేనివారికి, చెప్పి రాయించడం సౌకర్యం కాదు, చాలాసార్లు రాయడానికి ఉన్న సులువైన దారి.

ఈ విద్య చరిత్రలో ఒక తెలుగువాడి పాత్ర పెద్దది. 1952లో బెల్ ల్యాబ్స్ తయారుచేసిన ‘ఆడ్రీ’ యంత్రం అంకెలను మాత్రమే గుర్తుపట్టేది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1966లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ పూర్తిచేసి, తరవాత కార్నెగీ మెలన్‌లో పలుకు గుర్తింపు పరిశోధనకు నాయకత్వం వహించారు. అక్కడ 1976 నాటికి సిద్ధమైన ‘హార్పీ’కి 1,011 పదాలు తెలుసు. ఆయన దగ్గర చదువుకున్న జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ దంపతులు 1982లో డ్రాగన్ సిస్టమ్స్‌ను స్థాపించారు. పదానికీ పదానికీ మధ్య ఆగనక్కర్లేకుండా ధారగా చెబితే రాసే వారి ‘నాచురల్లీ స్పీకింగ్’ 1997లో వచ్చింది. 1994లో రాజ్ రెడ్డికి ట్యూరింగ్ పురస్కారం లభించింది. గూగుల్ వాయిస్ టైపింగులోకి ఆయన మాతృభాష వచ్చింది మాత్రం ఆ పురస్కారం తరవాత 23 ఏళ్లకు.

యంత్రం పనితీరును క్లుప్తంగా చెప్పుకోవాలి. మైకులో పడ్డ ధ్వనిని సాధారణంగా సెకనుకు 16,000 సార్లు కొలుస్తారు. ఆ ధారను పాతిక మిల్లీసెకన్ల తునకలుగా తీసుకుని, ఏ తునకల వరస ఏ అక్షరాల వరసకు సరిపోతుందో న్యూరల్ నెట్‌వర్క్ అంచనా కడుతుంది. ఆ అంచనా ఒక్క ధ్వని మీదే ఆధారపడదు. శిక్షణలో చూసిన రాతలో ఏ మాట తరవాత ఏ మాట ఎక్కువగా వచ్చిందో ఆ జ్ఞాపకమూ కలుస్తుంది. “ధర” అన్న మాట చాలామంది నోట “దర” అనే వస్తుంది. అయినా తెర మీద ఒత్తుతో సహా “ధర” పడుతుందంటే అది ఆ జ్ఞాపకం చలవే.

నోటికి లేని ఒత్తును రాతకు తెచ్చిపెట్టే ఈ శక్తే నోట్లో ఉన్న మాండలికాన్ని రాతలో చెరిపేయగలదు. “వచ్చిండు” అని తెలంగాణలో, “వస్తాండాడు” అని రాయలసీమలో అన్నప్పుడు, శిక్షణ సామగ్రిలో “వచ్చాడు”, “వస్తున్నాడు” వందల రెట్లు ఉంటే మొగ్గు అటే పడుతుంది. ఆ సామగ్రి ఎక్కడినుంచి వస్తోందో చూడాలి. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం కూర్చిన ‘శ్రుతిలిపి’లో 12 భాషల్లో 6,400 గంటలకు పైగా ధ్వని ఉంది. అది ఆకాశవాణి వార్తల నుంచి తీసినది. వారిదే ‘కథ్‌బాత్’ జనం చేత వాక్యాలు చదివించి సేకరించినది. రెండూ విలువైన కృషే. కానీ వార్త చదివే గొంతు ఇంట్లో మాట్లాడే గొంతు కాదు. చేతిలో కాగితం పెట్టి చదవమంటే పల్లె మనిషి కూడా కాగితం భాషే పలుకుతాడు. 2024లో అదే బృందం విడుదల చేసిన ‘ఇండిక్‌వాయిసెస్’లో ఎక్కువ భాగం అప్పటికప్పుడు మాట్లాడిన మాటలే కావడం అందుకే ముఖ్యమైన మలుపు.

ఇది ఉచ్చారణ సమస్యగా మాత్రమే చూడదగ్గది కాదు. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం ఏళ్ల తరబడి పోరాడారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు పలుకుబడిలో ‘పచ్చనాకు సాక్షిగా’ కథలు రాశారు. ఆ కోవలో రాయదలచిన నేటి రచయిత తన కథను ఫోనుకు చెప్పి, తిరిగి చదువుకున్నప్పుడు అందులో తన ఊరు కనిపించకపోతే, ఆ నష్టం టైపింగులో మిగిలిన సమయంతో పూడేది కాదు. పత్రిక సంపాదకుడు మాట మారిస్తే రచయిత వాదించగలడు. యంత్రం మార్చినప్పుడు మార్చినట్టే తెలియదు.

ఇక కొలమానం సంగతి. 2018లో హైదరాబాదులో జరిగిన ఇంటర్‌స్పీచ్ సదస్సుకు అనుబంధంగా మైక్రోసాఫ్ట్ తెలుగు, తమిళం, గుజరాతీ భాషల్లో పలుకు గుర్తింపు పోటీ పెట్టింది. ఇలాంటి పోటీల్లో వాడుకలో ఉన్న కొలమానం పద దోష శాతం: మారిపోయినవి, తప్పిపోయినవి, అదనంగా చేరినవి అయిన పదాలను కూడి, మూలపాఠంలోని పదాల సంఖ్యతో భాగిస్తారు. పదం ఎక్కడ ముగుస్తుందో అందరికీ ఒకేలా తెలిసిన భాషకు ఈ లెక్క సరిపోతుంది. తెలుగులో ఏమవుతుందో చూద్దాం. మూలపాఠం “వాళ్ళ ఇంటికి వెళ్ళి వచ్చాను” అని ఉంది. యంత్రం విన్నది విన్నట్టు “వాళ్ళింటికెళ్ళొచ్చాను” అని రాసింది. ఒక పదం మారింది, మూడు పదాలు తప్పాయి: నాలుగు పదాలకు నాలుగు తప్పులు, దోషం 100 శాతం. మూలపాఠం కలిపి రాసినదై, యంత్రం విడదీస్తే ఒక్క పదానికి నాలుగు తప్పులు, దోషం 400 శాతం! రెండు సందర్భాల్లోనూ యంత్రం తప్పు వినలేదు. చదివే తెలుగువాడికి రెండు వాక్యాలూ సమ్మతమే.

“వెళ్ళాడు”, “వెళ్లాడు” రెండూ అచ్చులో ఉన్నవే. “అయింది”, “అయ్యింది” కూడా అంతే. అక్షరాల వారీగా దోషం లెక్కిస్తే ఈ దెబ్బ తగ్గుతుంది గాని పోదు. పైగా అక్షర లెక్కకు “వచ్చాడు”, “వచ్చాడా” మధ్య తేడా స్వల్పం. అర్థానికి అదే ప్రాణం, ఎందుకంటే తెలుగులో ప్రశ్న తరచుగా చివరి దీర్ఘంలోనే ఉంటుంది. ఆ దీర్ఘం జారిపోతే ప్రశ్న కాస్తా జవాబై కూర్చుంటుంది. అంటే వాడుకలోని కొలమానాలు హానిలేని తేడాను పెద్ద తప్పుగా, అసలైన తప్పును చిన్న తేడాగా చూపిస్తున్నాయి. వీటి ఆధారంగా తెలుగు డిక్టేషన్ మెరుగుపడిందనో పడలేదనో తీర్పు చెప్పడం తొందరపాటు.

నా ప్రతిపాదన మొదట పరీక్షా సామగ్రికి సంబంధించినది. ప్రతి ధ్వనిముద్రణకూ ఒకే మూలపాఠం పెట్టే పద్ధతి మానాలి. కలిపి రాసినదీ, విడదీసి రాసినదీ, రెండు రకాల వర్ణక్రమాలూ ఒప్పుకునే పాఠాల సమితి ఒక్కో వాక్యానికి ఉండాలి. మాండలిక రూపాన్ని ప్రామాణిక రూపంగా మార్చడాన్ని తప్పుగా, విడిగా లెక్కించాలి. లిఖించేవారు ఆ ప్రాంతం వారే కావాలి. పదజాలానికి వెతుక్కోనక్కర్లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో, రెండోది 1971లో చేనేత పదాలతో వెలువడ్డాయి. ఏ ప్రాంతంలో ఏ మాట అంటారో అందులో నమోదై ఉంది. ఆ పదాలను ఆయా ప్రాంతాల రైతుల చేత, నేతగాళ్ల చేత, కాగితం చేతికివ్వకుండా, వారి పని గురించి మాట్లాడిస్తూ రికార్డు చేస్తే తెలుగు డిక్టేషన్‌కు నిజమైన పరీక్షాపత్రం తయారవుతుంది. దీనికి పెద్ద కంప్యూటర్లు అవసరం లేదు. మన విశ్వవిద్యాలయాల భాషాశాస్త్ర శాఖలు ఇప్పుడున్న విద్యార్థులతోనే, వారి సొంత ఊళ్ల నుంచే మొదలుపెట్టగలవు.