బెజ్జము వేయు ఉక్కు

పాలంపేటలోని రామప్పగుడిని చూచినవారు దాని మదనికలను మరువజాలరు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213వ సంవత్సరమున కట్టించిన యా గుడికి గోడలు ఎఱ్ఱని ఇసుకరాతివి; మదనికలు మాత్రము కఱకైన నల్లరాతివి. ఆ బొమ్మల యాభరణముల నడుమ శిల్పి రాతిని సన్నసన్నగా తొలిచినాడు. చూచువారు శిల్పి చేతిని మెచ్చుకొందురు. మెచ్చవలసినదే. కాని యా చేతిలోని పనిముట్టు మాట యెవ్వరు నెత్తరు. మెత్తని ఇనుపమొన యా నల్లరాతిపై నాలుగు దెబ్బలకే మొద్దువారును. శిల్పి వెనుక, ఉక్కు గుణమెఱిగిన కమ్మరి యొకడు తప్పక నిలిచియుండవలెను.

అట్టి కమ్మరులకు మన సీమ పేరుగన్నది. ఐరోపావారు ‘ఊట్జు’ అని వ్రాసికొన్న లోహము మన దక్షిణదేశపు ఉక్కే. నిజామాబాదు జిల్లా కోనసముద్రములో దీనిని మట్టిమూసలలో కరగించెడివారు. సర్వేశాఖతో తిరిగిన వాయ్సీ యను వైద్యుడు ఆ పని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము, ఆతడు 1824లో గతించిన పిమ్మట, 1832లో అచ్చైనది. రెండు వేరు చోటుల ఇనుమును కలిపి మూసలో నుంచి, మూతికి మట్టి మెత్తి, రాత్రింబవళ్లు కొలిమి నూదెడివారు. వచ్చిన ముద్ద మిక్కిలి పెళుసు. దానికి మట్టి పూసి మరల మరల కాచి పెళుసుదనము తగ్గించెడివారు. పారశీకదేశపు ఇస్ఫహానునుండి వచ్చిన వర్తకుడొకడు కొలిమి చెంతనే నిలిచి, సరుకు తూచించుచు, ఉక్కును తానే పరీక్షించుచుండెనట! అంత దూరము వచ్చినవాడు పేరు విని కొనలేదు, పరీక్షించి కొన్నాడు.

ఇప్పుడు మన యింటి పనికొట్టములోనికి వత్తము. వడ్రంగి బరమా కొయ్యను తొలుచును. ఇనుమును తొలుచుటకు మెలికల డ్రిల్లు కావలెను. అమెరికాలో మోర్సు అనునతడు 1863లో దీనికి పేటెంటు పొందెను. ఆ మెలికల వెంట రజను పైకి వచ్చుచుండును. వట్టి కర్బనపు ఉక్కుతో చేసినది వేగముగా త్రిప్పిన వేడెక్కి పదును గోల్పోవును. 1900 నాటికి టేలరు, వైటు అనువారు టంగ్‌స్టను కలిసిన ఉక్కును కాచు క్రొత్తరీతిని చూపిరి. హైస్పీడు ఉక్కు ఇట్లు వచ్చినది. ఇది 500 డిగ్రీల సెంటిగ్రేడు దాటినను మెత్తబడదు. కావున కొనునప్పుడు కాడపై ఆ గుర్తు చూడుడు. గుర్తు మాత్రమే చాలదు, గుర్తు చెక్కుట సులభము. బిట్టును గాజుపలకపై దొర్లించిన వంకర తెలియును. కొన వద్దనున్న రెండు పెదవులును సమముగా నుండవలెను. లేనిచో బెజ్జము పెద్దదగును. మెలికల వద్ద ఆకురాయి జారిపోవలెను. కాడను గీచి చూచి లాభము లేదు, అది మెత్తగానే యుండవచ్చును. బంగారు వన్నెను చూచి మోసపోకుడు; మేలైన పూత బిట్టు ఆయువు పెంచును గాని, చెడ్డ ఉక్కును మంచి ఉక్కుగా మార్చదు.

మరలు కోయు ట్యాపు విషయమున జాగ్రత్త ఇంకను హెచ్చు. డ్రిల్లు విరిగిన పైసలు పోవును. ట్యాపు విరిగి లోపల చిక్కినచో యంత్రపు దిమ్మెయే పోవచ్చును. ఇచట మరియొక చరిత్ర యున్నది. 1841లో ఇంగ్లాండున విట్‌వర్తు మరలకు అంగుళపు లెక్క నేర్పరచెను. వరంగల్లున ఆజంజాహి మిల్లు నెలకొన్న 1934 నాటికి మన దేశమున ఇంగ్లీషు యంత్రములతో ఈ లెక్కయే పాతుకొనియున్నది. 1956లో మెట్రికు కొలతల చట్టము వచ్చినను పాత ఆయిలింజనులు తమ మరలను మార్చుకొనలేదు గదా! అర అంగుళపు విట్‌వర్తు మరకు అంగుళమునకు 12 చుట్లు. 12 మిల్లీమీటర్ల మెట్రికు మరకు చుట్టు చుట్టుకు 1.75 మిల్లీమీటర్లు. చూపునకు రెండును ఒకటే. ఒకదానిలో రెండవదానిని దూర్చినవాడు రెంటిని చెఱచును.

కావున పాత ఇంజనుకు ట్యాపు కొనబోవువారు దాని మరమేకు నొకదానిని సంచిలో వేసికొని అంగడికి పోవలెను. 10 మిల్లీమీటర్ల సాధారణ ట్యాపునకు ముందుగా వేయవలసిన బెజ్జము 8.5 మిల్లీమీటర్లు, ఆ బిట్టును అప్పుడే కొనుడు. ఉక్కులో మర కోయునప్పుడు నూనె పోసి, సగము చుట్టు ముందునకు త్రిప్పి, పావు చుట్టు వెనుకకు త్రిప్పుచు రజను తెంపుచుండవలెను.