మోటారు కారుకు రంగు: కుంచె నుండి తుంపర వరకు

ఇనుప బీరువాలు తయారుచేసే దుకాణంలో గాని, మోటారు షెడ్డులో గాని మేస్త్రీ నోట "డూకో" అనే మాట తరచుగా వినబడుతుంది. గాలితో కొట్టిన రంగు అద్దంవలె మెరిస్తే చాలు, దాన్ని డూకో అనే అంటారు. నిజానికి ఇది మామూలు పదం కాదు. 1923లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ తన కొత్త రంగుకు పెట్టుకొన్న వ్యాపార నామం. ఆ రంగు పుట్టుకలో తుపాకి మందుకు, గొంతు జబ్బుకు, యుద్ధంలో అక్కరకు రాక మిగిలిపోయిన ఒక ద్రవానికి పాత్ర ఉన్నది. ఈనాడు ఇంగ్లండులో ఒక గుమాస్తా గాని, ఉపాధ్యాయుడు గాని సెలవు దినాలలో తన ఇంటి షెడ్డులో పాత మోరిస్ మైనర్ కారును విప్పి, తుప్పు గీకి, తన చేతితోనే రంగు కొట్టుకొనగలుగుతున్నాడంటే ఆ చరిత్రయే కారణం. ఆ పనిలో అతని ఊపిరితిత్తులకు పొంచి ఉన్న ముప్పు ఎక్కడినుండి వచ్చినదో కూడ ఆ చరిత్రయే చెబుతుంది.

మొదటి మోటారు కార్లకు గుర్రపు బగ్గీలకు వేసినట్లే రంగు వేసేవారు. అవిసె నూనెలో రంగు పొడి నూరి, కుంచెతో పూత వేసి, అది ఆరిన తరువాత ఉబ్బెత్తులను రాచి, మళ్ళీ పూత వేసి, చివరకు వార్నిషు పట్టించేవారు. పదికి పైగా పూతలు పడేవి. ఇక్కడ "ఆరడం" అనే మాటను జాగ్రత్తగా గ్రహించవలెను. తడి బట్ట ఆరినప్పుడు నీరు ఆవిరై పోతుంది. అవిసె నూనె ఆరేటప్పుడు పోయేది ఏమీ లేదు. పైగా అది గాలినుండి ఆక్సిజన్‌ను తీసుకొంటుంది. నూనె అణువులలోని ద్విబంధాల వద్ద ఆక్సీకరణం జరిగి, అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వలగా ఏర్పడతవి. ఆ వలయే గట్టి పొర. ఈ చర్యకు తొందర లేదు. ఒక్కొక్క పూతకు రోజుల తరబడి కాలం కావలెను. అందువల్ల ఒక కారుకు రంగు పూర్తి కావడానికి మూడు నాలుగు వారాలు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ పట్టేది. కారును బిగించడానికి పట్టే కాలం గంటలలోకి దిగిన తరువాత కూడ రంగు మాత్రం వారాలలోనే నిలిచిపోయినది. రంగు ఆరడానికే పెద్ద పెద్ద భవనాలు కట్టవలసి వచ్చేది.

హెన్రీ ఫోర్డు 1914 నుండి 1925 వరకు తన మోడల్ టీ కార్లను నలుపు రంగులోనే అమ్మిన సంగతి అందరికీ తెలిసినదే. నల్ల రంగు తొందరగా ఆరుతుంది గనుక అట్లా చేశాడని సాధారణంగా చెబుతారు. చరిత్రకారులు దీనిని అంతగా ఒప్పుకొనరు. తారువంటి ఖనిజ పదార్థంతో తయారై, కొలిమిలో కాల్చి గట్టిపరచే ఆ నల్ల ఎనామెల్ చవక, మన్నిక గలది. ఒకే రంగు ఉంటే కర్మాగారానికి తలనొప్పి తక్కువ. ఈ కారణాలు చాలును.

వేగంగా ఆరే రంగుకు దారి వేరొక దిక్కునుండి వచ్చినది. 1846లో స్విట్జర్లండులోని బేసెల్ నగరంలో షూన్‌బైన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దూదిని నత్రికామ్ల, గంధకామ్లాల మిశ్రమంలో ముంచి నైట్రో సెల్యులోజ్‌ను తయారుచేసి లోకానికి చూపించాడు. చూపునకు మామూలు దూదే. నిప్పు సోకితే పొగ లేకుండ భగ్గుమంటుంది. నైట్రీకరణం కొంచెం తగ్గించిన రకాన్ని ఈథర్, ఆల్కహాలు మిశ్రమంలో కరగిస్తే బంకవంటి ద్రవం వస్తుంది. దానిని గాయాలపై పూసేవారు, ఛాయాగ్రహణపు గాజు పలకలపై పూసేవారు. ద్రావణి ఆవిరై పోగానే పారదర్శకమైన పొర మిగులుతుంది. ఇక్కడ ఆక్సీకరణం లేదు, అణువుల ముడి లేదు, కేవలం బాష్పీభవనమే. కావున వారాలు అక్కరలేదు, నిమిషాలు చాలును.

అయితే ఒక పెద్ద చిక్కు ఉండెను. నైట్రో సెల్యులోజ్ అణువు బహు పొడవైన గొలుసు. అది కరగిన ద్రావణం చాల చిక్కగా ఉంటుంది. పూయడానికి వీలుగా పలుచబరచితే ద్రావణి పాలు ఎక్కువై, ఆరిన తరువాత మిగిలే పొర ఉల్లిపొరకన్న పలుచన అవుతుంది. కారుకు కావలసిన మందం రావలెనంటే లెక్కలేనన్ని పూతలు వేయవలెను. 1920 జూలైలో న్యూజెర్సీలోని డ్యూపాంట్ కర్మాగారంలో, సోడియం ఎసిటేట్ కలిపిన నైట్రో సెల్యులోజ్ ద్రావణపు పీపా ఒకటి కొన్ని రోజులు వేసవి వేడిలో అట్లే ఉండిపోయినది. మూత తీసి చూస్తే చిక్కటి బంకకు బదులు పలుచని పాకం! గొలుసులు తెగి పొట్టివైనవి. పదార్థం అంతే, స్నిగ్ధత మాత్రం తగ్గినది. చెడిపోయినదని పారబోయవలసిన పీపా అది. ఎడ్మండ్ ఫ్లాహర్టీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దాని విలువ గ్రహించాడు.

మంచి ద్రావణి దొరకడం మరొక కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటనుకు పేలుడు మందు తయారీకి ఎసిటోన్ అవసరమైనది. మాంచెస్టరులో పనిచేస్తుండిన వైజ్‌మన్ పిండి పదార్థాన్ని ఒక జాతి బాక్టీరియాతో పులియబెట్టి ఎసిటోన్ తీసే పద్ధతిని కనిపెట్టాడు. (ఈయనయే తరువాత 1949లో ఇస్రాయేలుకు మొదటి అధ్యక్షుడైనాడు.) ఆ పులుపులో ఒక పాలు ఎసిటోన్‌కు సుమారు రెండు పాళ్ళు బ్యూటనాల్ కూడ వచ్చేది. యుద్ధ కాలంలో దానిని పట్టించుకొన్నవారు తక్కువ. యుద్ధం ముగిసి ఎసిటోన్‌కు గిరాకీ పడిపోయిన తరువాత ఆ బ్యూటనాల్‌కే విలువ వచ్చినది. ఎందుచేతననగా దానినుండి తయారయ్యే బ్యూటైల్ ఎసిటేట్ నైట్రో సెల్యులోజ్‌కు చక్కని ద్రావణి. మరీ త్వరగా ఆవిరి కాదు, మరీ ఆలస్యమూ చేయదు. రంగుకు పరచుకొనే వ్యవధి ఇస్తుంది. అమెరికాలో ఇండియానా రాష్ట్రపు మొక్కజొన్నలు ఆ విధంగా మోటారు కార్ల మెరుగుకు తోడ్పడినవి.

జనరల్ మోటార్స్ పరిశోధనశాలకు అధిపతియైన కెటరింగ్ ఈ రంగుకై పట్టుపట్టినవాడు. రంగు పనికి నెల రోజుల కన్న తగ్గవని వాదించిన ఒక నిపుణుని అతడు భోజనానికి పిలిచాడట. భోజనం ముగిసి బయటికి వచ్చిన ఆ పెద్దమనిషికి తన కారు కనబడలేదు. ఎదుట ఉన్నది అతని కారే, రంగే వేరు! ఈ కథలో అతిశయోక్తి ఎంత ఉన్నా, 1924 మోడల్ ఓక్‌లండ్ కార్లు డూకో నీలి రంగుతో వెలువడిన మాట నిజం. వారాల పని గంటలలోకి దిగినది. ఫోర్డు కూడ 1926 మోడళ్ళనుండి మళ్ళీ రంగుల కార్లు అమ్మవలసి వచ్చినది.

ఇంత త్వరగా ఆరే రంగును కుంచెతో వేయడం సాధ్యం కాదు. కుంచె రెండవసారి తగిలేసరికి మొదటి గీత సగం ఆరి ఉంటుంది. పైగా కొత్త రంగులోని ద్రావణి కింది పొరను కరగించి లేపుతుంది. తుంపరగా చల్లడమే మార్గం. ఆ సాధనం అప్పటికే సిద్ధంగా ఉన్నది. ఓహయో రాష్ట్రంలోని టొలీడోలో డెవిల్బిస్ అనే వైద్యుడు 1880 దశాబ్దంలో రోగుల గొంతులో మందు చల్లడానికి రబ్బరు బుడ్డిగల పరికరం చేశాడు. అతని కుమారుడు థామస్ అదే సూత్రంతో 1907లో రంగు చల్లే స్ప్రేగన్‌ను తయారుచేశాడు. మూతివద్ద వేగంగా పోయే గాలి అక్కడి పీడనాన్ని తగ్గిస్తుంది. గిన్నెలోని రంగు పైకి లేచి గాలిలో పడి తునాతునకలవుతుంది.

తునాతునకలు కావడమంటే ఏమిటో లెక్క వేయవచ్చును. ఒక మిల్లీలీటరు రంగు ఒకే బొట్టుగా ఉంటే దాని ఉపరితలం సుమారు 5 చదరపు సెంటీమీటర్లు. దానిని 50 మైక్రాన్ల వ్యాసంగల బిందువులుగా చీల్చితే సుమారు కోటిన్నర బిందువులు వస్తవి. వాటి మొత్తం ఉపరితలం 1200 చదరపు సెంటీమీటర్లు. ద్రావణి ఆవిరి కావడానికి ఉన్న వాకిలి దాదాపు 250 రెట్లు పెద్దదైనది. తుంపరకు గల సుగుణమూ, ప్రమాదమూ రెండూ ఈ లెక్కలోనే ఉన్నవి.

స్ప్రేగన్ వచ్చిన తరువాత చిన్న సాధనాలు కొన్ని దాని వెంట వచ్చినవి. 1921లో 3ఎం కంపెనీ నీటిలో తడిసినా చెడని గరుకు కాగితాన్ని అమ్మకానికి తెచ్చినది. అంతకు ముందు పొడిగా రాచేటప్పుడు రంగు ధూళి, దానిలోని సీసం సహా, పనివాని ఊపిరిలోకి పోయేది. 1925లో అదే కంపెనీలోని రిచర్డ్ డ్రూ, రెండు రంగుల కార్లకు అంచు కట్టడానికి అంటించిన కాగితాలు ఊడదీసేటప్పుడు రంగుతో సహా వచ్చి పనివారు విసుగుకొనడం చూచి, మెల్లగా ఊడివచ్చే టేపును తయారుచేశాడు. ఆనాటి పనివారికి ఇంతకన్న పెద్ద బాధ మరొకటి ఉండెను. ద్రావణులలో బెంజీన్ కలిపేవారు. అది ఎముకల మూలుగను దెబ్బతీసి రక్తాన్ని క్షీణింపజేస్తుంది. 1926లో అమెరికా జాతీయ భద్రతా మండలి సంఘం ఒకటి దీనిపై నివేదిక ఇచ్చినది. యజమానులకు గంటలు మిగిలినవి, ఆ గంటలకు మూల్యం చెల్లించినది మాత్రం గన్ పట్టినవాడు. రంగు చరిత్ర వ్రాసేవారు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటిపోవడం న్యాయం కాదు.

కర్మాగారపు పని ఇంటి షెడ్డులోకి రావడానికి మరి కొంత కాలం పట్టినది. 1949లో ఇలినాయ్‌లో ఎడ్వర్డ్ సేమోర్ డబ్బాలో పీడనంతో నింపిన రంగును తయారుచేశాడు. ఈ ఆలోచన అతని భార్యదట. ఆ రోజులలోనే కొన్ని వాక్యూం క్లీనర్లకు రంగు చల్లే బుడ్డి కూడ ఇచ్చేవారు. గొట్టాన్ని గాలి పీల్చే వైపునుండి తీసి, వదిలే వైపు తగిలిస్తే సరి. దీనిని ఆటబొమ్మ అని నవ్వినవారున్నారు. కాని ఎక్కువ గాలి, తక్కువ పీడనం అనే దాని సూత్రమే ఈనాటి మేలైన స్ప్రేగన్లలోనిది. పాత రకపు గన్‌లో రంగు సగానికి పైగా గాలిపాలయ్యేది. కొత్తవాటిలో సుమారు మూడింట రెండు వంతులు కారుకే అంటుతుంది.

ఇంట్లో పనిచేసేవారికి నైట్రో సెల్యులోజ్ రంగు (ఇంగ్లండులో దానిని సెల్యులోజ్ అనే పిలుస్తారు) ప్రియమైనది కావడానికి కారణం దాని క్షమాగుణం. ఆరిన తరువాత కూడ అది థిన్నర్‌లో మళ్ళీ కరగుతుంది. కొత్త పూత పాత పూతలోకి దిగి ఒకటే పొర అవుతుంది. ఎక్కడైనా రంగు కారినా, దోమ వాలినా, ఆరిన తరువాత తడి కాగితంతో రాచి, మళ్ళీ కొట్టి, చివర రుద్దుడు ముద్దతో మెరుగు పెట్టవచ్చును. అనుభవం లేనివాని తప్పులు చాల భాగం అట్లా మాసిపోతవి.

ఆ తప్పులు భౌతిక శాస్త్రపు పాఠాలే. గన్‌ను రేకునకు 15 నుండి 20 సెంటీమీటర్ల దూరంలో, సమాంతరంగా నడపవలెను. దగ్గరగా పట్టితే రంగు కారుతుంది. దూరమైతే బిందువులు దారిలోనే సగం ఆరి, రేకుపై పడిన తరువాత పరచుకొనలేక నారింజ తొక్కవలె గుంటలు గుంటలుగా నిలుస్తవి. మణికట్టును విసనకర్రవలె తిప్పితే మధ్య మందం, అంచులు పలుచన. వీటన్నిటికన్న కొత్తవారిని కలవరపెట్టేది రంగు తెల్లబారడం. ద్రావణి ఆవిరి అయ్యేటప్పుడు రేకునుండి వేడిని తీసుకొంటుంది. చెమ్మగల రోజున రేకు ఉష్ణోగ్రత తుషార బిందువుకన్న దిగిపోతే, గాలిలోని నీరు తడి రంగుపై మంచువలె కూర్చుంటుంది. నైట్రో సెల్యులోజ్ నీటిలో కరగదు గనుక విడిపోయి పాలవలె తెల్లబడుతుంది. నలుపు రంగుపై ఇది కొట్టవచ్చినట్లు కనబడుతుంది. ఇంగ్లండులోని చలికాలపు షెడ్డులోనూ, మన కోస్తా పట్టణాలలో శ్రావణపు ముసురులోనూ జరిగేది ఇదే. నెమ్మదిగా ఆవిరయ్యే ద్రావణిని కొంత కలపడమే విరుగుడు.

1950 దశాబ్దపు చివరి భాగంలో జనరల్ మోటార్స్ కార్లపైకి ఆక్రిలిక్ లాకర్ వచ్చినది. అంతకన్న పెద్ద మార్పుకు మూలం 1937లో జర్మనీలో ఓటో బేయర్ కనిపెట్టిన పాలియురిథేన్ రసాయనం. రంగు ఒక డబ్బాలో, దానిని గట్టిపరచే ఐసోసయనేట్ మరొక డబ్బాలో ఉంటవి. కలిపిన తరువాత అణువులు శాశ్వతంగా ముడిపడతవి. పెట్రోలు చిందినా చెక్కుచెదరదు, రుద్దకుండగనే మెరుస్తుంది. అవిసె నూనె వారాలలో చేసిన పనిని ఇది కొన్ని గంటలలో, ఎంతో దృఢంగా చేస్తుంది. కాని ఐసోసయనేట్ తుంపర పీల్చినవారిలో కొందరికి ఉబ్బసం పట్టుకొంటుంది. ఒకసారి శరీరం దానికి సున్నితమైతే తరువాత అతి స్వల్ప పరిమాణం కూడ ఆయాసం తెప్పిస్తుంది. బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ లెక్క ప్రకారం, ఈ రంగులు చల్లే కారు పనివారికి ఉబ్బసం వచ్చే అవకాశం ఇతర పనివారికన్న సుమారు 80 రెట్లు ఎక్కువ. వాసనతో హెచ్చరించదు గనుక బొగ్గు ముసుగు ఎప్పుడు పనిచేయడం మానినదో తెలియదు. బయటినుండి గొట్టం ద్వారా మంచి గాలి అందించే శిరస్త్రాణం ఉండవలెను. ఇంటి షెడ్డులో, పక్క గదిలో పిల్లలు నిద్రించేచోట, ఈ రంగు కొట్టడం వివేకం కాదు. సెల్యులోజ్ మాత్రం నిరపాయమైనదా అంటే కాదు: దాని ఆవిరి తల తిప్పుతుంది, నిప్పురవ్వ తగిలితే షెడ్డే మండుతుంది. అయినా ఆ అపాయం ముక్కుకు తెలుస్తుంది.

ఈలోగా సెల్యులోజ్‌కు మరొక దిక్కునుండి దెబ్బ తగిలినది. దానిలో అధిక భాగం గాలిలో కలిసిపోయే ద్రావణియే. అటువంటి ఆవిరులు సూర్యకాంతిలో నేలమట్టపు ఓజోన్‌కు కారణమవుతవి గనుక ఐరోపా సమాజం 2004లో శాసనం చేసి, 2007 నుండి వాహనాలకు తిరిగి వేసే రంగులలో ద్రావణి పరిమాణాన్ని కట్టడి చేసినది. అయితే పాత కట్టడాలకు, పాత వాహనాలకు పరిమితంగా అనుమతి ఇచ్చుకొనే వీలు కూడ ఆ శాసనంలోనే ఉంచినది. పాత మోరిస్ కారువాని షెడ్డుకు నేటికీ సెల్యులోజ్ డబ్బా చేరుతున్నది ఆ సందు గుండానే.

అతడు డబ్బా మూత తీయకముందు చేయవలసిన పరీక్ష ఒకటి ఉన్నది. అంబాసడర్ కారు ఉన్న ఇంటివారైనా దీనిని చేసి చూడవచ్చును. తలుపు అంచున, కనబడనిచోట, థిన్నర్‌తో తడిపిన తెల్లగుడ్డతో పాత రంగును మెల్లగా రుద్దవలెను. గుడ్డకు రంగు అంటితే అది కేవలం ద్రావణి ఆరిపోయి ఏర్పడిన పొర: సెల్యులోజో, ఆక్రిలిక్ లాకరో. అంటకపోతే కాల్చిన ఎనామెలో, రెండు డబ్బాల రంగో అయి ఉండవచ్చును. ఒకవేళ పొర ముడతలు పడి లేస్తే, అది ఇంకా పూర్తిగా ముడిపడని నూనె జాతి ఎనామెల్. దానిపై సెల్యులోజ్ కొట్టితే కారంతా అట్లే లేస్తుంది. అప్పుడు గీకి రేకు దాకా పోక తప్పదు. ఆ గీకడం పొడిగా గాక, నీటితో తడుపుతూ చేయవలెను. పాత పసుపు, ఎరుపు రంగులలో సీసపు లవణాలు ఉండవచ్చును.