కూలి అడిగిన జట్టు

1929లో బ్యూనస్ ఐరిస్‌లో దక్షిణ అమెరికా దేశాల ఫుట్‌బాల్ పోటీలు. పెరూ కూడా జట్టును పంపాలి. అప్పట్లో ఆ దేశంలో మంచి ఆటగాళ్లంటే చాలామంది ఒక్క క్లబ్బులోనే ఉండేవారు. అది రాజధాని నగరం పేరు తగిలించుకున్న అలియాన్సా లీమా. ఫెడరేషన్ నుంచి కబురు వచ్చింది. అలియాన్సా ఆటగాళ్లు అడిగిందొక్కటే. రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్లం, వారాల తరబడి పని మానుకుని వస్తే పోయిన కూలి ఎవరిస్తారు? ఫెడరేషన్ పెద్దలకు ఈ ప్రశ్న గిట్టలేదు. దేశం కోసం ఆడటానికి డబ్బు అడగడమేమిటని పత్రికల్లో ఈసడింపులు మొదలయ్యాయి. అలియాన్సాను లీగ్ నుంచి వెలివేశారు. వాళ్లు లేకుండా వెళ్లిన పెరూ ఆ పోటీల్లో మూడు మ్యాచులాడి మూడూ ఓడి తిరిగొచ్చింది.

అలియాన్సా చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా కప్పుల లెక్కతో మొదలుపెడతారు. 1918 నుంచి 2022 దాకా పాతిక టైటిళ్లు. ఇవి కాక 1934 నాటిది మాదంటే మాదని రెండు క్లబ్బులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాయి. ఆ లెక్క ఎక్కడైనా దొరుకుతుంది. పనికి పోయేవాళ్లు కట్టుకున్న జట్టును పెద్దమనుషుల వ్యవస్థలు ఎలా చూశాయన్నది ఈ క్లబ్బు కథలో అంతకన్నా పెద్ద విషయం. అవసరమైనప్పుడు ముద్దు చేశాయి, లెక్క అడిగినప్పుడు ముఖం చాటేశాయి.

క్లబ్బు పుట్టింది 1901 ఫిబ్రవరి 15న, లీమాలో కోటబాంబాస్ వీధిలో. అక్కడ అలియాన్సా అనే పేరుతో ఒక పందెపు గుర్రాల శాల ఉండేది. దాని చుట్టుపక్కల తిరిగే కుర్రాళ్లు ఆ పేరే పెట్టుకుని స్పోర్ట్ అలియాన్సా అన్నారు. నల్లజాతి కుర్రాళ్లు, మిశ్రమ జాతుల వాళ్లు, వలస వచ్చిన చైనా, ఇటలీ కుటుంబాల పిల్లలు అంతా కలిసిన గుంపు అది. పెరూలో బానిసత్వం రద్దయింది 1854లో. అంటే ఆ కుర్రాళ్లలో కొందరి తాతలు, అవ్వలు బానిసలుగా బతికినవాళ్లే. ఫుట్‌బాల్ మాత్రం ఆంగ్లేయుల సరుకు. కయావో రేవులో దిగిన నావికులు, లీమాలో వ్యాపారాలు చేసుకునే బ్రిటిష్ వాళ్లు తెచ్చిపెట్టిన ఆట. మొదట్లో దాన్ని ఆడినవి వాళ్ల క్లబ్బులు, వాళ్లతో రాసుకుపూసుకు తిరిగే ధనిక కుటుంబాల క్లబ్బులు. వీధి కుర్రాళ్లు గోడ అవతల నుంచి చూసి నేర్చుకున్నారు.

కొన్నాళ్లకు జట్టు లా విక్టోరియా అనే కార్మికుల పేటకు చేరింది. ఒకే వాకిలి, ఒకే కుళాయి, రెండు వైపులా వరసగా ఒంటిగదులు ఉండే సందులు అక్కడ బోలెడు. ఆ సందుల్లో చాలామంది బట్టల మిల్లుల్లోకి, ఇళ్లు కట్టే పనుల్లోకి పోయేవారు. 1919 జనవరిలో మిల్లు కార్మికులు పెద్ద సమ్మె చేసి ఎనిమిది గంటల పనిదినం సాధించారు. ఆ ఉత్తర్వు మీద సంతకం చేసిన అధ్యక్షుడు హోసే పార్దోది మిల్లులున్న కుటుంబమే. ఫుట్‌బాల్ చరిత్రల్లో ఈ సమ్మెకు పెద్దగా చోటు దొరకదు. కానీ పని దిగాక ఇంకా వెలుతురు ఉంటేనే కదా కార్మికుడు బంతి ముట్టుకునేది!

లీమా పత్రికలు అలియాన్సా ఆటను మెచ్చుకున్న తీరు కూడా గమనించదగ్గది. బంతిని పొట్టి పాసులతో తిప్పడం, ఎదుటివాడిని బోల్తా కొట్టించే ఒయ్యారం, అందులో సంగీతంలాంటి లయ. ఇవన్నీ నల్లవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య అని రాసేవారు. పైకి పొగడ్తే. లోపల మాత్రం వాళ్ల కష్టాన్ని కొట్టిపారేయడం ఉంది. ఒకే సందులో పెరిగి, ఒకే పనిలో చెమటోడ్చి, అన్నదమ్ములు, బావమరుదులు ఏళ్ల తరబడి ఒకే జట్టులో ఆడితే చూడకుండానే ఎవడెక్కడున్నాడో తెలుస్తుంది. దానికి రక్తం దాకా వెళ్లనక్కర్లేదు.

ఇక పాతపగ సంగతి. 1924లో యూనివర్సిటీ విద్యార్థులు ఒక క్లబ్బు పెట్టుకున్నారు. తర్వాత దాని పేరు యూనివర్సితారియోగా స్థిరపడింది. చదువుకున్న, తెల్లచొక్కా వాళ్ల జట్టు. 1928 సెప్టెంబరు 23న ఇద్దరూ మొదటిసారి తలపడ్డారు. విద్యార్థులు ఆరంభంలోనే గోల్ కొట్టారు. అలియాన్సా వాళ్లకు కోపం వచ్చి కాళ్ల మీద కొట్టడం మొదలుపెట్టారు. రెఫరీ ఒకరి తర్వాత ఒకరిని, మొత్తం అయిదుగురిని బయటికి పంపాడు. మైదానంలో మిగిలింది ఆరుగురు, దాంతో మ్యాచ్ అక్కడితో సరి. బయటికి వెళ్తున్న ఆటగాళ్లకు, మేలు రకం టిక్కెట్లు కొన్న ప్రేక్షకులకు మధ్య తిట్లు, తోపులాట. ఆ రోజుల్లో పెద్దమనిషి అంటే టోపీ, కోటు, చేతికర్ర. ఆ కర్రలే గాల్లోకి లేచాయి. లీమా ఇప్పటికీ దాన్ని చేతికర్రల మ్యాచ్ అనే గుర్తుపెట్టుకుంది. ఆ ఏడాది టైటిల్ మాత్రం చివరికి అలియాన్సాకే దక్కింది.

1929 నాటి వెలి ఎంతోకాలం నిలవలేదు. 1930లో మొదటి ప్రపంచ కప్ వచ్చింది, దానికి అలియాన్సా వాళ్లు కావలసి వచ్చారు. 1931, 32, 33 వరసగా మూడేళ్లు లీగ్ వాళ్లదే. లవాయె, మోంతెయానోస్, వియనువేవా, నేయ్రా, చైనా మూలాలున్న కుచోయ్ కలిసిన ఆ ముందువరసకు నల్ల రోలరని పేరొచ్చింది. ఎదురొచ్చినదాన్ని చదును చేసుకుంటూ పోవడమే పని.

వాళ్లలో అలెహాంద్రో వియనువేవాది ప్రత్యేక స్థానం. పొడగరి, సన్నటి మనిషి. అందుకే మంగేరా, అంటే నీళ్లు పట్టే గొట్టం, అని ముద్దుపేరు. అంత ఎత్తు మనిషికి అంత సుకుమారంగా ఆడే పాదాలు ఎలా వచ్చాయా అని జనం ముచ్చటపడేవారు. లీమా పాటల రచయిత ఫెలీపె పింగ్లో ఈ క్లబ్బు అభిమాని. ఆటగాళ్ల మీద పాటలు కూడా కట్టాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో పెరూ ఫిన్లాండ్‌ను 7-3తో ఓడించినప్పుడు వియనువేవావి రెండు గోల్స్. తర్వాత ఆస్ట్రియాతో మ్యాచ్. పెరూ 0-2తో వెనకబడింది. ఆఖరి నిమిషాల్లో స్కోరు సమం చేసిన గోల్ అతనిదే, అదనపు సమయంలో పైచేయి ఇచ్చిన గోల్ కూడా అతనిదే. 4-2తో పెరూ గెలిచింది. ప్రేక్షకులు మైదానంలోకి దూసుకొచ్చారన్న ఫిర్యాదుతో నిర్వాహకులు ఫలితాన్ని రద్దు చేసి, ఖాళీ స్టేడియంలో మళ్లీ ఆడమన్నారు. పెరూ తన బృందం మొత్తాన్ని వెనక్కి పిలిపించుకుంది. కూలి అడిగినందుకు ఏడేళ్ల కిందట దేశభక్తి లేదనిపించుకున్న క్లబ్బు ఆటగాడు ఇప్పుడు దేశం పరువు.

1944 ఏప్రిల్ 11న వియనువేవా క్షయతో చనిపోయాడు. 35 ఏళ్లు. లీమా సందుల్లో ఎందరినో తీసుకుపోయిన జబ్బే అది. ఒలింపిక్ హీరో అని వదల్లేదు.

మధ్య దశాబ్దాలను తొందరగా దాటొచ్చు. 1938లో జట్టు రెండో డివిజన్‌కు జారి, ఏడాది తిరక్కుండా పైకొచ్చింది. 1951లో సైనిక పాలకుడు మాన్యుయెల్ ఒద్రియా ప్రభుత్వం లా విక్టోరియాలోని మతూతే ప్రాంతంలో స్టేడియానికి స్థలం ఇచ్చింది. అది కట్టి తెరవడానికి 1974 డిసెంబరు దాకా పట్టింది. ఇప్పుడు ఆ స్టేడియం పేరు అలెహాంద్రో వియనువేవా. అంతా పిలిచేది మాత్రం మతూతే అనే. అందులో 1977, 78ల్లో ఆడిన జట్టును పాత అభిమానులు కథలు కథలుగా చెబుతారు. తెయోఫీలో కుబియాస్, సేసర్ కువేతో, హోసే వెలాస్కెస్ ఒకే మధ్యవరసలో. కుబియాస్ 1970, 1978 ప్రపంచ కప్పుల్లో అయిదేసి గోల్స్ కొట్టాడు. స్కాట్లాండ్ మీద కాలి బయటి అంచుతో తన్నిన ఫ్రీకిక్ ఇప్పుడు కూడా ఇంటర్నెట్‌లో వెతికి చూడొచ్చు. చూడాలి కూడా.

అక్టోబరులో ఈ జట్టు తన నీలం తెలుపు గీతలు విడిచి ఊదారంగు చొక్కా తొడుగుతుంది. అది మహిమల ప్రభువు నెల. 17వ శతాబ్దంలో అంగోలా నుంచి తెచ్చిన ఒక బానిస లీమాలో మట్టిగోడ మీద క్రీస్తు బొమ్మ గీశాడు. 1655 భూకంపంలో చుట్టూ అన్నీ కూలినా ఆ గోడ నిలిచింది. తర్వాతి కాలంలో ఊరేగింపు, లక్షల జనం, ఊదా దుస్తులు. అలియాన్సా ఆ మొక్కును చొక్కా మీదికి తెచ్చుకుంది.

ఇక 1987. అప్పటి జట్టును పోత్రియోస్ అనేవారు, గుర్రప్పిల్లలు అన్నమాట. అంతా ఇరవై ఏళ్ల చుట్టుపక్కల కుర్రాళ్లు. వాళ్లకు కోచ్ మార్కోస్ కాల్దెరోన్, 1975లో పెరూకు కోపా అమెరికా గెలిపించిన మనిషి. టైటిల్ రేసులో ముందున్నారు. డిసెంబరు 8న అమెజాన్ అడవుల్లోని పుకాల్పాలో దెపోర్తీవో బాంకోస్ మీద 1-0తో గెలిచారు. తిరుగు ప్రయాణానికి నౌకాదళం వారి ఫొకర్ విమానం అద్దెకు తీసుకున్నారు.

రాత్రి ఎనిమిది దాటాక కయావో దగ్గరికి వచ్చారు. చక్రాలు దిగి బిగుసుకున్నాయని చెప్పే దీపం కాక్‌పిట్‌లో వెలగలేదు. చక్రం దిగలేదా, దీపమే పాడైందా తెలియదు. పైలట్ విమానాన్ని కంట్రోల్ టవర్ పక్కగా పోనిచ్చి, కింద నుంచి చూసి చెప్పమన్నాడు. చక్రాలు దిగే ఉన్నాయని టవర్ జవాబు. ఇంకోసారి చుట్టు తిరిగి దిగుదామని సముద్రం మీదికి మలుపు తీసుకున్నాడు. చీకట్లో ఎత్తు తగ్గిపోతున్నది గమనించలేదు. వెంతనీయా తీరానికి ఎదురుగా విమానం నీళ్లలో పడింది. 44 మందిలో 43 మంది పోయారు. వాళ్లలో పదహారు మంది ఆటగాళ్లు, కోచ్, సిబ్బంది, వెంట వెళ్లిన అభిమానులు ఉన్నారు. బతికింది పైలట్ ఒక్కడే. ఆల్‌ఫ్రెదో తొమాసీని అనే కుర్రాడు పడిన తర్వాత కూడా కాసేపు తనతో పాటు నీటి మీద తేలాడని అతను తర్వాత చెప్పాడు. తొమాసీని శరీరం దొరకలేదు. అలా దొరకనివాళ్లు ఇంకా ఉన్నారు.

నౌకాదళం విచారణ జరిపింది. నివేదిక మాత్రం బయటపెట్టలేదు. నిజం దాచిపెడితే ఆ ఖాళీలో పుకార్లు మొలుస్తాయి. విమానంలో కొకైన్ ఉందని, ఆటగాళ్ల కంట పడిందని, అందుకే చంపేశారని లీమాలో ఏళ్ల తరబడి నమ్మినవాళ్లున్నారు. దానికి ఆధారమేమీ లేదు. 2006లో ఒక టీవీ కార్యక్రమం ఆ నివేదికను సంపాదించి చూపించింది. కుట్ర కన్నా చాలా మామూలు విషయాలు అందులో ఉన్నాయి. విమానంలో బాగుచేయకుండా వదిలేసిన లోపాలు, రాత్రిపూట నడిపిన అనుభవం తక్కువున్న పైలట్. ఈ రెండు ముక్కలు చెప్పడానికి కన్నవాళ్లను 19 ఏళ్లు ఎదురుచూడనిచ్చారు. 1929లో ఫెడరేషన్ చేసిందానికీ దీనికీ పోలిక తేవడం అతి అనిపించొచ్చు. నాకు మాత్రం రెండు చోట్లా ఒకే వైఖరి కనిపిస్తుంది. వీళ్లకు జవాబు చెప్పేదేమిటి అన్న వైఖరి.

పోయినవాళ్లలో గోల్ కీపర్ హోసే గొన్సాలెస్ గనోసా ఒకడు. అతని మేనల్లుడికి అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ పిల్లవాడే పాలో గెరేరో, తర్వాత పెరూ జాతీయ జట్టు తరఫున అందరికన్నా ఎక్కువ గోల్స్ చేసినవాడు. ఖండాలు దాటి ఆడిన గెరేరోకు విమానం ఎక్కాలంటే భయమన్నది అందరికీ తెలిసిందే.

మిగిలిన మ్యాచులకు జట్టు కావాలి. కుర్రాళ్లను కొందరిని పైకి తెచ్చారు. ఆట మానేసిన కుబియాస్ 38 ఏళ్ల వయసులో మళ్లీ చొక్కా తొడిగాడు. చిలీ నుంచి కోలో కోలో క్లబ్బు నలుగురు ఆటగాళ్లను అరువిచ్చింది. పెరూకు, చిలీకి ఒక శతాబ్దం కిందటి యుద్ధం నాటి చేదు ఇంకా పోలేదు. అందుకే ఆ నలుగురి పేర్లు లా విక్టోరియాలో ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. ఆ సీజన్ టైటిల్ యూనివర్సితారియోకు వెళ్లింది. అలియాన్సా మళ్లీ ఛాంపియన్ కావడానికి 1997 దాకా పట్టింది. కొలంబియా కోచ్ హోర్హె లూయిస్ పింతో జట్టు ఆ ఏడాది రెండు దఫాల టోర్నీలూ గెలిచేసింది. 1978 నుంచి లెక్కేస్తే 19 ఏళ్ల కరువు.

ఎప్పుడూ బాధితులే అనుకోవడానికి కూడా లేదు. 2020లో ఆటలో ఓడి రెండో డివిజన్‌కు జారిన జట్టు, కార్లోస్ స్టెయిన్ క్లబ్బు నిబంధనలు ఉల్లంఘించిందన్న వివాదంలో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాకా వెళ్లి 2021లో మొదటి డివిజన్‌కు తిరిగొచ్చింది. కాగితాలు ఈసారి వాళ్ల వైపు పలికాయి. అదే ఏడాది ఛాంపియన్ కూడా అయింది! 2023 నవంబరులో మతూతేలో జరిగిన ఫైనల్లో యూనివర్సితారియో 2-0తో గెలిచి సంబరాలు మొదలుపెట్టగానే స్టేడియం దీపాలు ఆరిపోయాయి. గెలిచినవాళ్లు చీకట్లోనే గంతులేశారు. చేతికర్రల రోజున పెద్దమనుషులు చేసిన పని కన్నా ఇది గొప్పదేం కాదు.

2025 ఫిబ్రవరిలో దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పు అర్హత పోటీలో అలియాన్సా బోకా జూనియర్స్‌ను ఎదుర్కొంది. సొంతగడ్డ మీద 1-0తో గెలిచి, బ్యూనస్ ఐరిస్‌లో 2-1తో ఓడి, పెనాల్టీల్లో 5-4తో బోకాను ఇంటికి పంపింది. 41 ఏళ్ల గెరేరో అప్పటికి మేనమామ ఆడిన క్లబ్బులోనే ఉన్నాడు. ఆ ఏడాది పెరూ లీగ్ మాత్రం వరసగా మూడోసారి విద్యార్థుల క్లబ్బుకే దక్కింది.