చుక్కాని నుంచి చక్రానికి

విశాఖలో ఇంజినీరింగ్ చదివే పిల్లలు రోబో బండి కట్టాలంటే చక్రాలకి చవగ్గా దొరికేది తొమ్మిది గ్రాముల నీలిరంగు సర్వో మోటారు. చిక్కల్లా అది అర చుట్టు తిరిగి ఆగిపోతుంది. ఆగడం దాని లోపం కాదు. ఆ జాతి యంత్రం పుట్టిందే చెప్పిన చోట ఆగడానికి, అదీ ఓడ చుక్కాని కోసం.

ఆవిరి ఓడలు పెద్దవైనకొద్దీ చుక్కాని తిప్పడం మనుషుల వల్ల కాకపోయింది. 1867లో 211 మీటర్ల గ్రేట్ ఈస్టర్న్‌కి మెక్‌ఫార్లేన్ గ్రే చుక్కాని తిప్పే ఆవిరి యంత్రం అమర్చాడు. సరంగు చక్రం తిప్పితే కవాటం తెరుచుకుని ఆవిరి చుక్కానిని తోస్తుంది. చుక్కాని కదులుతూ కదులుతూ ఆ కవాటాన్ని తనే మూసేస్తుంది. ఎంత తిప్పితే అంతే తిరిగి నిలుస్తుంది. తెలివంతా అక్కడే ఉంది. ఫ్రాన్స్‌లో ఇదే పని మీదున్న జోసెఫ్ ఫార్కో 1873లో సర్వోమోటార్ పేరుతో పుస్తకమే వేశాడు.

1948లో గణితజ్ఞుడు నోర్బర్ట్ వీనర్ సైబర్నెటిక్స్ పుస్తకం తెచ్చి, తమ కదలికని తామే చూసుకుని సర్దుకునే ఫీడ్‌బ్యాక్ యంత్రాల్లో తొలితరం వాటిగా ఓడ చుక్కాని యంత్రాలనే చూపించాడు.

1960ల్లో రేడియోతో ఎగరేసే బొమ్మ విమానాల కోసం ఆ పద్ధతే అగ్గిపెట్టంత డబ్బాలోకి దిగింది. ఆవిరికి బదులు చిన్న మోటారు. ఇరుసు ఎక్కడుందో చెప్పడానికి పొటెన్షియోమీటర్ (పాట్). ఎక్కడ ఆగాలో పల్స్ నిడివి చెబుతుంది: ఒకటిన్నర మిల్లీసెకన్ల పల్స్ వస్తే మధ్యలో నిలబడాలి.

ఆపకుండా తిప్పాలంటే దాన్ని మోసం చేయాలి. డబ్బా విప్పి, చివరి పళ్లచక్రం మీది అడ్డుముక్క కోసేస్తారు. పాట్ కూడా అడ్డు లేకుండా తిరిగేట్టు చేసి, దాని తీగలు విప్పి, వాటి చోట సమానమైన రెండు రెసిస్టర్లు అతికిస్తారు. 5 కిలోఓమ్‌ల పాట్ అయితే 2.2 కిలోఓమ్‌లవి రెండు చాలు. ఇక ఇరుసు ఎన్ని చుట్లు తిరిగినా సర్క్యూట్‌కి అందేది మధ్యలోనే ఉన్నానన్న కబురే. పక్కకి జరగమంటే ఇంకా చేరలేదనుకుని తిరుగుతూనే ఉంటుంది. పల్స్ ఇప్పుడు స్థానం కాదు, వేగం చెబుతుంది. రెసిస్టర్లలో కాస్త తేడా ఉంటే ఆగమన్నా మెల్లగా పాకుతుంది. అప్పుడు పల్స్‌ని 1.5 మిల్లీసెకన్లకి అటూ ఇటూ జరిపి ఆగే విలువ వెతుక్కోవాలి.

నన్నడిగితే ఇక అది సర్వో కాదు. గేర్లూ డ్రైవర్ సర్క్యూటూ ఒకే డబ్బాలో దొరికిన మామూలు మోటారు. ఆ సౌకర్యం కోసమే వాడతారు. కోయక్కర్లేకుండా తయారైనవీ అమ్ముతున్నారు. కానీ రెండు చక్రాలూ సమంగా తిరగక బండి పక్కకి లాగుతుంది. దాంతో చక్రానికి అది ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్ బిగించి, కోసి పారేసిన ఫీడ్‌బ్యాక్‌నే మళ్లీ డబ్బు పెట్టి కొనుక్కుంటారు.